ఆషాఢంలో ఆగిన కంప్యూటర్

పెళ్లైన కొత్తలో మా ఇద్దరికీ మాటలు దొరికేవి కావు. మాది నాగర్‌కర్నూల్, ఆయనది వనపర్తి. పెద్ద దూరమేం కాదు, బస్సెక్కి ఒక కునుకు తీస్తే ఊరు వచ్చేస్తుంది. కానీ మంచానికి ఆ చివర ఆయన, ఈ చివర నేను కూర్చుంటే ఆ నడుమ దూరం మాత్రం ఎంతకీ తరిగేది కాదు. ఆయన మార్కెట్ యార్డులో గుమాస్తా. పొద్దంతా పల్లి బస్తాల మధ్య, వేలంపాట అరుపుల మధ్య ఉండి వచ్చేవాడు. ఇంటికొచ్చాక ఆ గొంతంతా ఎక్కడ దాచేవాడో, నన్ను చూస్తే "నీళ్లు తాగుతవా?" అని అడిగి ఊరుకునేవాడు. నేను తాగుతాననేదాన్ని. దాహం లేకపోయినా తాగేదాన్ని. ఆ నెల నేను తాగినన్ని నీళ్లు మళ్లీ ఎప్పుడూ తాగలేదు.

మా గదిలో ఒక మూల కంప్యూటర్ ఉండేది. డబ్బాకు ఒక పక్కంతా అద్దం. లోపల తిరిగే ఫ్యాన్లకు ఎరుపు, నీలం, ఊదా రంగుల లైట్లు. మొదటిసారి చూసినప్పుడు, నాకంటే ముందే ఈ ఇంటికి ఒక పెళ్లికూతురు వచ్చి ముస్తాబై కూర్చుందే అనిపించింది. జీతం వచ్చినప్పుడల్లా ఒక్కొక్క భాగం కొని ఆయనే స్వయంగా బిగించుకున్నాడట. మా అత్తమ్మ దాన్ని "వాని రెండో సంసారం" అనేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన కుర్చీ నా వైపు జరిపి, "ఆడుతవా?" అన్నాడు. కార్ల పందెం ఆట. కొండల మీద మలుపులు, వాన, పక్కనే లోయ. నేను కూర్చున్న కాసేపటికే కారు లోయలో పడింది. మళ్లీ పడింది. ఆయన నవ్వలేదు. "గట్లనే ఉంటది మొదట్ల" అన్నాడు. ఆ మాటకు నాకు ఆయన మీద కొంచెం ఇష్టం పుట్టింది. ఇంకాస్త ఇష్టం పుట్టేలోపే ఆషాఢం వచ్చింది. కొత్త కోడలు అత్తగారింట ఉండకూడదని మా అమ్మ వచ్చి నన్ను నాగర్‌కర్నూల్ తీసుకుపోయింది.

ఇక ఫోన్లు. సాయంత్రం యార్డు నుంచి వచ్చి చేసేవాడు.

"తిన్నవా?"

"తిన్న. మీరు తిన్నరా?"

"తిన్న."

ఆ తర్వాత ఇద్దరి ఊపిరి శబ్దం. వీధిలో ఎవరిదో బండి పోయే శబ్దం. "మరి పెడ్త" అనేవాడు. "పెట్టుండ్రి" అనేదాన్ని. పెట్టాక ఫోన్‌ను చూస్తూ కూర్చునేదాన్ని. ఇంత మంచి మనిషికి ఇంత తక్కువ మాటలు ఇచ్చిన దేవుడి మీద కోపం వచ్చేది.

ఒకరోజు ఫోన్ ఎత్తగానే "తిన్నవా" అనలేదు.

"సిస్టమ్ ఆగిపోతున్నది" అన్నాడు.

"ఏ సిస్టమ్?"

"మన కంప్యూటర్. ఆట మంచిగ నడుస్తుంటది, కొండ ఎక్కుతుంటది కారు, ఒక్కసారే టప్పున ఆరిపోతది. హ్యాంగ్ గాదు, ఏం మెసేజ్ రాదు. లైట్లు, ఫ్యాన్లు, అన్ని బంద్. బటన్ ఒత్తితె లేస్తలేదు. ఎన్క ఉన్న స్విచ్ బంద్ జేసి, కొంచెంసేపు ఆగి మల్ల ఏస్తె అప్పుడు లేస్తది. సినిమా పెడితె ఏం గాదు, పొద్దంతా నడుస్తది. ఆట పెడితెనే గిట్ల జేస్తున్నది."

నేను ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకున్నాను. ఆయన మాట్లాడుతున్నాడు! ఆగకుండా, ఊపిరి తీసుకోకుండా, చేతులు తిప్పుతున్నట్టు తెలిసేలా మాట్లాడుతున్నాడు. "మన కంప్యూటర్" అన్నాడు కూడా. నాకు కంప్యూటర్ గురించి ఏమీ తెలియదు. అయినా "అట్లనా? మరి ఇంట్ల కరెంటు మంచిగ ఉన్నదా?" అన్నాను, ఆ మాట ఆగిపోకుండా ఉండాలని.

"అరె, కరెంటు సంగతి సూడలె" అన్నాడు.

మరుసటి రోజు నుంచి మా ఫోన్లకు పని దొరికింది. మొదట ఆయన ఎక్స్‌టెన్షన్ బోర్డు తీసేసి ప్లగ్గును నేరుగా గోడకే పెట్టి చూశాడు. ఆగింది. యూపీఎస్‌కు ఇంత బరువు మోసే శక్తి లేదేమోనని దాన్నీ పక్కన పెట్టాడు. ఆగింది. మా గదిలో సాకెట్టు వదులుగా ఉందేమోనని అనుమానం వచ్చింది. ఇంట్లో గట్టి సాకెట్టు ఎక్కడుందంటే వంటింట్లో, మిక్సీ దగ్గర. డబ్బా, తెర, కీబోర్డు అన్నీ మోసుకుపోయి గ్యాస్ పొయ్యి పక్కన గట్టు మీద పెట్టి, నిలబడి కారు నడిపాడట.

ఆ సంగతి ఆయన చెప్తుండగానే వెనక నుంచి అత్తమ్మ గొంతు వినిపించింది.

"కోడలా, ఇంటున్నవా? నేను పచ్చడి జెయ్యాలంటె మిక్సీ పెట్ట సందు లేదు. వీడు ఈడ కార్లు తోలుతుండు. నువ్వు జల్ది రా బిడ్డా, లేకుంటె నేనే ఆషాఢం జేసుకొని మా తమ్మునింటికి పోత!"

నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నా నవ్వు ఆగలేదు. అటువైపు ఆయన నవ్వు కూడా వినపడింది. ఆయన నవ్వు వినడం అదే మొదటిసారి. కొంచెం గుర్రం సకిలించినట్టు ఉంటుంది. నాకు తెగ నచ్చింది.

వంటింట్లో కూడా ఆగింది. అంటే తప్పు ఇంటి కరెంటుది కాదు. తర్వాత దుమ్ము. అద్దం తీసి, చిన్న బ్రష్షుతో ఫ్యాన్లన్నీ తుడిచి, ఎన్నిసార్లు తుమ్మాడో నాకు ఫోన్లోనే తెలిసింది. లోపల వేడి ఎంతుందో చూపించే దాన్ని తెర మీద పెట్టి ఆడాడు. వేడి మామూలుగానే ఉంది, కానీ ఆగింది. లోపలి తీగలన్నీ పీకి మళ్లీ గట్టిగా గుచ్చాడు. ఆగింది. "మల్ల ఆగింది" అని ఆయన చెప్పిన ప్రతిసారీ నేను "అయ్యో" అనేదాన్ని. నిజం చెప్పాలంటే లోపల లోపల ఎగిరి గంతేసేదాన్ని. ఆగింది కాబట్టి రేపు కూడా ఫోన్ ఉంటుంది.

మా అమ్మకు అనుమానం వచ్చింది.

"గంటలు గంటలు ఏం మాట్లాడుతున్నరే?"

"పవర్ సప్లై గురించి అమ్మా."

"గదేంది?"

"కంప్యూటర్ల ఒక డబ్బ ఉంటది. గోడ కరెంటు తీసుకొని లోపల దేనికి ఎంత గావాల్నో అంత పంచుతది."

అమ్మ నా ముఖం వంక కాసేపు చూసి, "మంచిగున్నది తియ్యి. మేము మా కాలంల సైగలతోని మాట్లాడుకునేటోల్లం" అని నవ్వుకుంటూ లోపలికి పోయింది. మేము ఏదో గుప్తభాషలో సరసాలాడుకుంటున్నామని ఆమె అనుకుంది. ఎంత చెప్పినా ఆ నమ్మకం పోలేదు.

తర్వాత ఆయన ఆ పవర్ సప్లై డబ్బానే పరీక్షించాలనుకున్నాడు. దాన్ని కంప్యూటర్ నుంచి విడిగా తీసి, పెద్ద ప్లగ్గులో ఆకుపచ్చ తీగ ఉన్న రంధ్రానికీ నల్ల తీగ ఉన్న రంధ్రానికీ కాగితాలకు పెట్టే క్లిప్పుతో లంకె వేస్తే, డబ్బా బాగుంటే దాని ఫ్యాను తిరుగుతుందట. ఆ రోజు వీడియో కాల్ చేశాడు. ఫోన్‌ను చెంబుకు ఆనించి పెట్టి, క్లిప్పును వంచుతున్నాడు.

"కరెంటు కొడతది, వద్దుండ్రి!" అని అరిచాను.

"ఇప్పుడు ప్లగ్గు పెట్టలేదు. క్లిప్పు గుచ్చినంక, చెయ్యి తీసినంక పెడ్త."

చేతికి రబ్బరు చెప్పు కూడా తొడుక్కున్నాడు, నా కోసం. క్లిప్పు గుచ్చాడు. చెయ్యి తీశాడు. ప్లగ్గు పెట్టి, దూరంగా జరిగి స్విచ్ వేశాడు.

"తిరిగింది! తిరిగింది!" అని ఆయన. "తిరిగింది!" అని నేను. పెరట్లో బట్టలు ఆరేస్తున్న అమ్మ పరుగెత్తుకొచ్చింది.

"ఏమైంది, ఏమైంది?"

"ఫ్యాన్ తిరిగింది అమ్మా!"

అమ్మ తలెత్తి పైకి చూసింది. "మనింట్ల ఫ్యాన్ ఎప్పుడు తిరుగుతనే ఉన్నది గదా, బిడ్డా" అంది.

ఆ సంతోషం ఆ సాయంత్రం దాకానే. డబ్బా బాగుందని మళ్లీ బిగించి ఆట పెడితే, కొండ సగం ఎక్కగానే టప్పున ఆరిపోయింది. ఈసారి ఆయన గొంతులో దిగులు వినపడింది. "ఇంకేం జెయ్యాల్నో తెల్వదు. ఆట బొమ్మలు జూపే కార్డే పోయిందో, బోర్డే పోయిందో" అన్నాడు. నాకూ దిగులేసింది. కంప్యూటర్ కోసం కాదు. ఈ మనిషి మళ్లీ "తిన్నవా" దగ్గరికి పోతాడేమోనని.

మా నాన్నకు బోరు మోటర్లు వైండింగ్ చేసే షాపు ఉంది. మరునాడు అన్నం గిన్నె ఇవ్వడానికి పోయి అక్కడే కూర్చున్నాను. ఒక రైతు తన మోటరు మీద గొడవ పడుతున్నాడు. నాన్న బల్ల మీద దానికి కరెంటు ఇచ్చాడు. మోటరు గిర్రున తిరిగింది.

"తిరుగుతున్నది గదా, మరి బోర్ల దించితె ఎందుకు కూసుంటున్నది?" అన్నాడు రైతు.

"వట్టిగ ఏదైనా తిరుగుతది పెద్దన్నా. నీళ్ల బరువు మీద పడ్డప్పుడు తెలుస్తది దాని సత్తువ."

ఈ మాట నేను చిన్నప్పటి నుంచి ఆ షాపులో వింటూనే ఉన్నాను. ఎన్నడూ నా పనికొస్తుందనుకోలేదు. గిన్నె అక్కడే వదిలేసి రోడ్డు మీదికొచ్చి ఫోన్ చేశాను. యార్డులో వేలం నడుస్తున్నట్టుంది, వెనక అరుపులు.

"ఇగో, ఇనుండ్రి. ఫ్యాన్ తిరిగిందంటె డబ్బ లేచిందన్నట్టే గని, బరువు మోస్తదన్నట్టు గాదు. మీరు దానికి ఏం తగిలియ్యకుండ వట్టిగ తిప్పిండ్రు. సినిమా పెట్టినప్పుడు బరువు తక్కువ. ఆట పెట్టినప్పుడు ఆ బొమ్మల కార్డు ఒక్కసారే గుంజుతది. గప్పుడు మోయలేక కూసుంటున్నదేమో."

అటువైపు వేలం అరుపులు మాత్రమే వినిపిస్తున్నాయి. నేనేదో ఎక్కువ మాట్లాడానేమోనని భయమేసింది.

"హలో?"

"ఉన్న" అన్నాడు. తర్వాత మెల్లగా, "ఒక మాట జెప్త, నవ్వద్దు" అన్నాడు.

"నవ్వను."

"అన్ని కొత్తయి కొన్న. కార్డు కొన్న, బోర్డు కొన్న, అద్దం డబ్బ కొన్న, లైట్లు కొన్న. పవర్ సప్లై ఒక్కటి మాత్రం నేను డిగ్రీ సదువుకున్నప్పటి పాత కంప్యూటర్ల నుంచి పీకి పెట్టిన."

"ఎందుకు?"

"బయటికి కనవడదు గదా అని."

నవ్వనని మాటిచ్చాను. కానీ ఫోన్ పట్టుకుని ఆ రోడ్డు మీదే కుప్పగా కూలబడి నవ్వాను. ఆటో ఎక్కబోతున్న ఒకామె ఆగి, "ఏమైంది బిడ్డా, దవాఖానకు పోవాల్నా?" అని అడిగింది. అటువైపు ఆయన గుర్రపు సకిలింపు. వేలం పాడే మనిషి కూడా ఆగిపోయి "ఏందన్నా?" అని అడగడం నాకు వినపడింది.

ఆ సాయంత్రం నాన్నకు చెప్పాను. నాన్న ఒక్కటే మాట పంపించాడు. "ఆ డబ్బను మాత్రం ఇప్పొద్దని చెప్పు అల్లునికి. ప్లగ్గు పీకినా లోపల కరెంటు నిలువ ఉంటది. మార్చుడే గని, ఇప్పి సూసుడు లేదు." పెళ్లయ్యాక నాన్న అల్లుడికి పంపిన మొదటి కబురు అదే.

శ్రావణం రాగానే వనపర్తి తిరిగొచ్చాను. మాట్లాడుకోవడానికి ఇక మాకు ఫోన్ అక్కర్లేదు, కానీ కొత్త డబ్బా కొనేముందు తప్పు నిజంగా దానిదేనా అని తేల్చుకోవాలి. అందుకు బాగా పనిచేస్తున్న ఇంకో పవర్ సప్లై పెట్టి చూడాలి. గద్వాలలో ఆయన అక్క ఉంది. ఆమె భర్తకు ఫోటో స్టూడియో. పెళ్లి ఆల్బములు చేసే పెద్ద కంప్యూటర్ ఉంది. అడిగితే ఆ అన్న, "నా మిషన్ల నుంచి తీసి పంపుడు గాదు. మీ కంప్యూటర్నే ఈడికి తెండ్రి, ఒక్క పూట పెట్టి సూద్దం" అన్నాడట.

అలా ఒక ఆదివారం పొద్దున బండి మీద బయలుదేరాం. బొమ్మల కార్డును విడిగా తీసి తువాలలో చుట్టి నా బ్యాగులో పెట్టాడు. అద్దం డబ్బాను పెళ్లికి వచ్చిన కొత్త దుప్పటిలో చుట్టి, మా ఇద్దరి మధ్య కూర్చోబెట్టాం. నేను దాన్ని రెండు చేతులా కౌగిలించుకున్నాను. కొత్త దంపతులు బండి మీద పోతుంటే ఎవరు ఎవరిని పట్టుకుంటారో అందరికీ తెలుసు. నేను మాత్రం ఒక ఇనుప డబ్బాను పట్టుకుని పెబ్బేరు దాటాను.

బీచుపల్లి దగ్గర కృష్ణ నిండుగా పారుతోంది. చాయ్ కోసం ఆగాం. గాలికి దుప్పటి జారి అద్దం బయటపడింది. పక్క బల్ల మీద కూర్చున్న పెద్దమనిషి వంగి లోపలికి చూశాడు.

"చాపల డబ్బనా?"

"అవ్ పెద్దయ్యా" అన్నాడు మా ఆయన, ముఖం కదలకుండా.

"మరి చాపలేవి?"

"గద్వాలల ఉన్నయి. తెచ్చుకొనీకి పోతున్నం."

నా చాయ్ ముక్కులోంచి వచ్చింది. ఈయనకు హాస్యం కూడా ఉందా! ఇంకా ఏమేం దాచాడో అనుకుంటూ మళ్లీ డబ్బాను కౌగిలించుకున్నాను.

గద్వాలలో వదినె జొన్నరొట్టెలు చేసి కాచుకుని ఉంది. అన్న ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. స్టూడియోలో పెళ్లిళ్లకు వాడే ఎర్ర వెల్వెట్ సోఫాల మధ్య బల్ల వేసి, రెండు కంప్యూటర్లనూ పక్కపక్కన పెట్టి, రెండింటి ప్లగ్గులూ పీకాడు. మా ఆయన ఉత్సాహంగా, తీగలు పాతవే ఉంచి డబ్బా ఒక్కటే మార్చబోయాడు.

"ఆగు!" అన్నాడు అన్న. "ఏ డబ్బకు ఆ డబ్బ తీగలే పెట్టాలె. ప్లగ్గుల మూతులు ఒక్క తీరుగనే ఉంటయి, గని లోపల తీగల వరస కంపెనీకో తీరుంటది. కలిపినవనుకో, బోర్డు కాలిపోతది."

మా ఆయన చెయ్యి నిప్పు తగిలినట్టు వెనక్కి వచ్చింది. తీగలన్నీ మార్చారు. పాత డబ్బాతో కార్డుకున్న రెండు మూతులకూ ఒకే తీగ చీలి వచ్చేది. ఇప్పుడు దేని తీగ దానికి వేరుగా పెట్టారు. అంతా బిగించి, ఆయన బటన్ నొక్కాడు.

ఏమీ లేదు. ఒక్క లైటు వెలగలేదు.

ముగ్గురమూ బిగుసుకుపోయాం. వదినె రొట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది. అన్న ముఖంలో రంగు మారింది. పెళ్లి ఆల్బములన్నీ ఆ డబ్బా మీదే నడుస్తాయి మరి. నేను వంగి వెనక చూశాను. డబ్బా వెనక ఉన్న స్విచ్ ఎవరూ వేయలేదు.

"ఇగో, ఇది" అని వేశాను. ఎరుపు, నీలం, ఊదా. అందరం ఒకేసారి ఊపిరి వదిలాం.

"నువ్వే నడుపు" అని ఆయన నన్ను కూర్చోబెట్టాడు. వెంట తెచ్చిన ఆట కంట్రోలర్ ఒకటి నా చేతికిచ్చి, ఇంకోటి తను పట్టుకున్నాడు. పందెం మొదలైంది. వాన, మలుపులు, లోయ. ఎప్పుడూ ఆరిపోయే కొండ వచ్చింది. కారు ఎక్కింది. ఆరలేదు. దిగింది. ఆరలేదు. ఇంకో కొండ. వదినె రొట్టెలు మరిచిపోయి వచ్చి సోఫాలో కూర్చుంది. చివరి మలుపు దగ్గర ఆయన కారు నా కారుకు అడ్డం వచ్చింది. నాకు ఒళ్లు తెలియలేదు.

"ఏయ్, జరుగు! ఏంజేస్తున్నవ్ నువ్వు? కండ్లు కనవడ్తలేవా నీకు? పక్కకు జరుగ్!"

ఆయన కారును గుద్ది లోయలోకి తోసేసి, గీత దాటి, రెండు చేతులు పైకెత్తి అరిచాను. తర్వాత స్టూడియో ఎంత నిశ్శబ్దంగా ఉందో తెలిసింది. అత్తింటివాళ్ల ముందు, పెళ్లై మూడు నెలలైనా కాకముందే, మొగుణ్ని "నువ్వు" అన్నాను. అదీ అరిచి. కొంగు కోసం తడుముకున్నాను. ముఖం మండిపోతోంది.

ముందు వదినె పకపకా నవ్వింది. సోఫాలో ఒరిగిపోయి నవ్వింది. మాటలు తక్కువైన అన్న కూడా గోడ వైపు తిరిగి భుజాలు కదిలించాడు. మా ఆయన మాత్రం తెర వైపే చూస్తూ, చెవులు ఎర్రబడి, మెల్లగా అన్నాడు.

"మల్ల అను."

"ఏమని?"

"గదే. నువ్వు అని."

అప్పటి నుంచి ఆయన నాకు నువ్వే. ఆ పూటంతా ఆడినా కంప్యూటర్ ఒక్కసారి కూడా ఆగలేదు. తప్పు ఎవరిదో తేలిపోయింది. అన్న డబ్బా అన్నకిచ్చి, మా ముసలి డబ్బాను మళ్లీ మూటగట్టుకుని వనపర్తి తిరిగొచ్చాం. ఈసారి అద్దం డబ్బాను బండి వెనక కడ్డీకి తాడుతో కట్టేశాం. మధ్యలో ఎవరూ లేరు.

కొత్త పవర్ సప్లై కొరియర్‌లో వచ్చింది. అత్తమ్మ పెట్టె మీద పసుపు రాసి, కుంకుమ పెట్టి, హారతి కూడా తిప్పింది. "ఇగ దీన్ని ఎవరు వంటింట్లకు తీసుకురావద్దు" అని మాట తీసుకుంది. తీగలన్నీ కొత్తవే పెట్టి బిగించాం. నేను వెనక స్విచ్ వేశాను, ఆయన ముందు బటన్ నొక్కాడు. ఆట పెట్టాం. కొండ వచ్చింది. కారు ఎక్కుతోంది.

టప్.

తెర నలుపు. లైట్లు లేవు. ఫ్యాన్లు లేవు. ఆయన నా ముఖం చూశాడు, నేను ఆయన ముఖం చూశాను. కార్డే పోయిందా? బోర్డా? అంతలో వంటింట్లోంచి అత్తమ్మ అరుపు.

"పాడు కరెంటు! పచ్చడి సగంల ఉన్నది, గిప్పుడే పోవాల్నా?"

పక్కింట్లో టీవీ ఆగిపోయింది. వీధిలో పిండిగిర్నీ చప్పుడు ఆగిపోయింది. మేమిద్దరం కిటికీ దగ్గరికి పరుగెత్తి చూశాం. ఎదురింటివాళ్లు విసనకర్రలు పట్టుకుని బయటికొస్తున్నారు. ఊరంతా కరెంటు పోయింది! ఊరంతా!

ఆయన నన్ను అమాంతం ఎత్తి గిర్రున తిప్పాడు. నేను చప్పట్లు కొట్టాను. చేతికి పచ్చడి అంటుకున్న అత్తమ్మ గుమ్మంలోకి వచ్చి మమ్మల్ని చూసి నిలబడిపోయింది. కరెంటు పోయినందుకు ఇంత సంబరపడే జంటను ఆమె ఎన్నడూ చూసి ఉండదు.

"ఏమైందిరా మీకు, పిచ్చి లేసిందా?" అంది.

చెప్పబోయాం. ఎవరం మొదలుపెట్టినా ఇంకొకరం నవ్వేస్తున్నాం. చివరికి ఆమె కూడా, ఎందుకో తెలియకుండానే, చెయ్యి కడుక్కోవడం మరిచిపోయి మాతో పాటు నవ్వడం మొదలుపెట్టింది.